ముంజేయి

సాయంత్రం ఆరున్నరకి
గూడ్సు కాశీబుగ్గ గేటు దాటకముందే
మా గుంటడు మొదలెడతాడు.
ముందు మూతి ముడుస్తాడు,
తర్వాత మోకాళ్ళు కడుపులోకి లాక్కుంటాడు,
ఆ తర్వాతిక వాడుండడు, ఏడుపే ఉంటుంది
ఎర్రగా, పిడికిళ్ళు బిగించుకుని.

ఐదో వారం. మేమింకా పేరు పెట్టలేదు.
వీధిలో వాళ్ళు పెట్టేసారు: మైకుసెట్టు.

అమ్మ ఇంగువ అరగదీసి బొడ్డు చుట్టూ రాసింది.
తమలపాకుకి ఆముదం పూసి, దీపం మీద వెచ్చజేసి,
తన చెంపకి ఆనించి చూసుకుని మరీ కడుపు మీద పరిచింది.
దిష్టి తీసింది. పొయ్యిలో ఉప్పు చిటపటలాడింది.
"ఆలి సూపు మంచిది కాదని అప్పుడే అన్నాను"
అని ఎవరినో తలుచుకుంది.
లచ్చుమమ్మ పక్కింట్లోంచి గ్రైపువాటరు పంపింది.
వాడు ఏడ్చాడు.

నేను గడప మీద, దూరంగా.
నావి జీడిచేతులు.
పదకొండేళ్ళుగా పిక్కలు ఉడకేసి, తొక్క ఎత్తిపోసి
గోళ్ళ సందుల్లో నలుపు, వేళ్ళ కొసల్లో పొరలు.
బూడిదేసి తోమినా, కొబ్బరినూనె రుద్దినా
జీడి పోదు.
"ఆ సేతుల్తో ముట్టకు, లేత సర్మం, పొక్కిపోద్ది" అంది అమ్మ.
నిజమే. పెళ్ళయిన కొత్తలో
నీలవేణి మెడ మీద పడ్డ మచ్చ
ఇంకా అక్కడే ఉంది.

బుధవారం ఏఎన్నెమ్ము ఢిల్లేశ్వరమ్మ వచ్చింది.
గొడుగు గోడకి ఆనించి, తూకం వేసి, పొట్ట తడిమింది.
జొరముందా, వాంతులున్నాయా, విరోచనంలో నెత్తురుందా,
పాలు మానేసాడా?
లేదు, లేదు, లేదు, లేదు.
"ఐతే బాగానే ఉన్నాడు. గ్రైపొద్దు, వామునీళ్ళొద్దు,
తేనె అసలే వద్దు. తల్లిపాలే."
నీలవేణిని నిటారుగా కూకోబెట్టింది.
గాలి పోకుండా నోరు నిండా పట్టించింది.
మధ్యలో ఆపి, భుజానేసుకుని
తేన్పు వచ్చేదాకా వీపు తట్టమంది.
"మందు లేదేటమ్మా?" అన్నాను.
"ఉంది. మూడో నెల. అదొచ్చిందాకా ఎత్తుకోవాల."
ఇల్లంతా చూసి నా వైపు చూసింది.
నేను అరచేతులు చాపాను.
వాటిని చూడలేదావిడ. చొక్కా చెయ్యి పైకి తోసి,
మణికట్టు తిప్పి, మోచేతి దాకా వేలితో గీత గీసింది:
"ఇది శుభ్రంగానే ఉంది కదా?"

నాకు తెలీదు.
నా ఒంట్లో జీడి అంటని చోటుందని
పదకొండేళ్ళలో ఎప్పుడూ చూసుకోలేదు.

బోర్లా పడుకోబెట్టింది.
తల మోచేతి వంపులో, ముఖం పక్కకి,
కాళ్ళు చేతికి అటొకటి ఇటొకటి,
జీడికొమ్మ మీద తొండలాగా.
నా అరచేతికి నీలవేణి తన పాతచీర నాలుగు మడతలు చుట్టింది.
వాడి కడుపు నా నరాల మీద.
లోపలి గుడగుడ నాకు తెలుస్తోంది,
మరగబోయే ముందు బాయిలరు పైపు పట్టుకుంటే తెలిసినట్టు.

నడిచాను. గుమ్మం నుంచి నూతికి, నూతి నుంచి గుమ్మానికి.
గూడ్సు వచ్చింది. పెట్టెలు లెక్కపెట్టాను.
ఇరవై రెండు దగ్గర ఏడుపు వెక్కయింది.
నలభై దగ్గర వాడు వదిలిన గాలికి
అమ్మ వంటింట్లోంచి పకాలున నవ్వింది.
యాభై ఎనిమిది. గార్డు పెట్టె ఎర్రలైటు పోయాక
నా ముంజేతి మీద వెచ్చగా చొంగ.

రోజూ ఇలా జరగలేదు.
మూడు గూడ్సులు పోయినా ఆగని రోజులున్నాయి.
ఒకనాడు నాకే ఒళ్ళు మండి,
వాణ్ణి మంచం మీద వెల్లకిలా పెట్టేసి
వీధి చివరిదాకా పోయి, బీడీ తీసి,
ముట్టించకుండా పారేసి వచ్చాను.
అది తప్పు కాదంది ఢిల్లేశ్వరమ్మ.
ఐనా మర్చిపోలేదు.

మూడో నెలలో ఒక శనివారం
గూడ్సు వచ్చింది, వెళ్ళింది.
వాడు దూలం వైపు చూస్తూ
తనలో తానేదో అంటున్నాడు.
అమ్మ వెచ్చటి ఆకు పట్టుకునే ఉంది.
నేను చొక్కా చెయ్యి మడుచుకుని
నిలబడే ఉన్నాను,
యాభై ఎనిమిదీ లెక్కపెట్టేసి.